ఎడమ గదికి వెళ్ళే పిల్లి

మా పిల్లి బొగ్గు ఇంకా కళ్ళు కూడా తెరవని కూనగా ఉన్నప్పుడు, నోట్లో పాలచుక్కలు వేసి దాన్ని బతికించింది నేను. నా కత్తెర బల్ల కింద, గుడ్డపీలికల మీద పెరిగింది. అలాంటి పిల్లిని మా చిన్న తోడికోడలు ఎగరేసుకుపోతే నా కడుపు మండదా?

మా నడవాకి కుడివైపు నేను బట్టలు కత్తిరించే గది, ఎడమవైపు తను మిషన్ కుట్టే గది. కొన్నాళ్ళుగా బొగ్గు నడవాలోకి రావడం, ఎడమకి తిరగడం. నేను చేపముక్క చూపించి పిలిచినా అంతే. అక్కడికెళ్ళి తల ఓ పక్కకి వాల్చి కూర్చునేది. ఏం వయ్యారం! తన కుర్చీ చుట్టూ తిరిగిందే తిరిగి, చివరికి మిషన్‌కి నుదురు ఆనించి నిలబడిపోయేది. నేనంటే దీనికెంత ప్రేమో చూడక్కా అని తను మురిసిపోతుంటే, నేను పళ్ళు నూరుకుంటూ ఒక చొక్కాకి రెండు చేతులూ కుడివైపువే కత్తిరించాను. పిల్లికి కూడా మనుషుల విలువ తెలుస్తుందోయ్ అని మా ఆయన నవ్వాడు. ఆ పూట కూరలో ఉప్పు వేస్తే ఒట్టు.

ఒకరోజు తను బజారుకెళ్ళింది. బొగ్గు మామూలుగానే ఎడమకి తిరిగింది. ఖాళీ గదిలో ఎవరి దగ్గర గోముపోతుందో చూద్దామని వెనకే వెళ్ళాను. మూలన గోడకి నుదురు నొక్కిపెట్టి నిలబడి ఉంది. పిలిస్తే కదల్లేదు. ఎత్తి నేలమీద దించితే ఎడమవైపుకే గుండ్రంగా తిరిగి, ఒరిగి పడి, లేచి మళ్ళీ గోడకే తల పెట్టింది. ఒక కంటిపాప పెద్దదిగా ఉంది, ఇంకోటి చిన్నది. గోడ మీద కూడా ప్రేమేనా?

అప్పుడే వచ్చిన తోడికోడల్ని చెప్పులు విప్పనివ్వకుండా పశువుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. డాక్టరమ్మ చెవిలోకి లైటు వేసి చూసి, ఇది ఎలా మొదలైందని అడిగింది. తను నీళ్ళు నమిలింది. నేను గడగడా చెప్పేశాను: ముందు తల వాల్చడం, తర్వాత ఒకే వైపు తిరగడం, ఆపైన నుదురు నొక్కడం. కుళ్ళుకున్నదాన్ని కదా, అన్నీ కళ్ళప్పగించి చూశాను. చెవిలో చీము మెదడు దాకా పాకిందనీ, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే తేవాల్సిందనీ, బతుకుతుందని మాట ఇవ్వలేననీ డాక్టరమ్మ చెప్పింది.

"అయితే ఎడమకి తిరిగేది జబ్బు వల్లేనా?" అన్నాను.

అవునంది. అంత ఏడుపులోనూ నాకు లోపల చల్లగా అనిపించింది, దాచడమెందుకు. తోడికోడలి మొహం మాత్రం పాలిపోయింది.

సూదులు అయ్యాక మాత్రలు. అవి మింగించే పని ఇంకెవరికీ ఇవ్వలేదు. నేను దవడ పట్టి నోరు తెరిస్తే బొగ్గు నా చేతులు రక్కేసి, తోడికోడలి ఒళ్ళో దూరేది. అది బతికి తిన్నగా నడిస్తే చాలు, ఇంకేమీ అడగననుకున్నాను.

నడిచింది. తల నిటారుగా పెట్టి, తూలకుండా వచ్చి నడవా మధ్యలో ఆగింది. నేను కుడి గుమ్మంలో చేపముక్క పట్టుకుని కూర్చున్నాను. అటూ ఇటూ తీరిగ్గా చూసింది. నన్నూ చూసింది. తర్వాత ఎడమ గదిలోకి వెళ్ళిపోయింది.

తోడికోడలు దాన్ని ఎత్తుకుని కంగారుగా బయటికొచ్చింది.

"మళ్ళీ ఎడమకే తిరిగిందక్కా. జబ్బు తిరగబెట్టిందంటావా?"

బొగ్గు గడ్డం పట్టుకుని కళ్ళలోకి చూశాను. రెండు పాపలూ సమానంగా ఉన్నాయి.

"లేదు," అన్నాను. "పూర్తిగా తగ్గిపోయింది."