అరచెవి

ఆ హైస్కూలు గేటుకి ఎదురుగా కుట్టుమిషన్ పెట్టుకున్న టైలరుని పిల్లలందరూ అరచెవి తాత అంటారు. ఆయన ఎడమచెవికి పై అంచు లేదు. ఎలా పోయిందని అడిగితే కుక్క కరిచిందంటాడు. శుద్ధ అబద్ధం. చిన్నప్పుడు వాళ్ళన్న క్రాపు చేస్తానని కూచోబెట్టి, నాన్న బట్టలు కోసే కత్తెరతో జుట్టుతోపాటు చెవీ కోసేశాడు. అన్న వీపు విమానం మోత మోగకూడదని తమ్ముడు నేరం కుక్క మీదికి తోశాడు. పాపం, ఆ కుక్క వీధి విడిచి పారిపోవాల్సి వచ్చింది. కోసిన అన్నగారేమో ఇప్పుడు పెద్ద జడ్జి.

బడి సంగతీ కాస్త చెప్పాలి. ఉప్పు గోదాముగా పుట్టి, బడిగా మారి, యుద్ధంలో ఆస్పత్రయి, మళ్ళీ బడయిన బిల్డింగు అది. వానొస్తే ఇప్పటికీ గోడలు ఉప్పూరతాయి. గుండె డాక్టరూ, పెద్ద పాటగత్తే, నక్షత్రాల లెక్కలు తేల్చిన శాస్త్రవేత్తా అక్కడ చదివినవాళ్ళే. హాల్లో వాళ్ళ బొమ్మలున్నాయి. గొప్పవాళ్ళయ్యాక ఎలా ఉన్నారో అలా కాదు, చివరి క్లాసు గ్రూప్ ఫోటోలో ఎలా ఉన్నారో అలా గీయాలని మొట్టమొదటి హెడ్మాస్టరు రూలు పెట్టాడు. పిల్లలు గోడకేసి చూస్తే పిల్లలే కనబడాలని ఆయన పట్టుదల. అందుకే శాస్త్రవేత్త గారికి చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, పాటగత్తెకి ఒక జడకి రిబ్బనుండదు.

బడికి నూరేళ్ళు నిండాయి. ఈసారి గోడెక్కేది జడ్జిగారు. బొమ్మ మీద కప్పడానికి తెర కుట్టాలంటూ డ్రాయింగు టీచరు వచ్చింది. కొత్త పిల్ల, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. టైలరు టేపు మెళ్ళో వేసుకుని కొలతలకి వెళ్ళాడు.

బొమ్మకి టేపు పట్టబోయి ఆగిపోయాడు. గోడ మీద తనే ఉన్నాడు. తనకి వదులైన అన్న చొక్కా తొడుక్కున్న తను, ఆ బిత్తర చూపూ, ఆ తెగిన చెవీ.

"నానా తంటాలూ పడ్డాను తాతగారూ," అంది టీచరు, బొమ్మ మీంచి చూపు తిప్పకుండా. "ఆ గ్రూప్ ఫోటో కింద పేర్లు లేవు. అంతమందిలో జడ్జిగారి పోలికలున్నవాడు ఈ ఒక్కడే దొరికాడు."

దొరకడా మరి! అన్న ఒక ఏడు తప్పడంతో ఇద్దరూ ఒకే క్లాసులో పడ్డారు. ఫోటో రోజున అన్నకి గవదబిళ్ళలు. బూరెల్లాంటి బుగ్గలతో ఫోటో దిగనని మొండికేసి ఇంట్లో పడుకున్నాడు. ఆ ఫోటోలో జడ్జిగారు లేనే లేరు.

"ఇది బాగుందంటే నా ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు," అంది ఆ పిల్ల.

టైలరు దురద పెట్టినట్టు చెవి మీద చెయ్యేసుకుని, కొలతలు తీసుకుని వచ్చేశాడు. సిగ్గు విడిచి చెప్పాలంటే, దారంతా ఆయనకి సంతోషంగానే ఉంది.

ఇంట్లో చెప్పగానే భార్య ఒంటికాలి మీద లేచింది. "మీకు నోట్లో నాలుక లేదా? అప్పుడు చదువు ఆయనకిచ్చారు. ఇప్పుడు మొహం కూడా ఇస్తారా?"

అప్పుడెవరూ బలవంతపెట్టలేదు. నాన్నకి చూపు మందగించింది, కొడుకుల్లో ఒకరు మిషన్ ముందు కూచోవాలి. నేను కూచుంటాలే అన్నాడు తమ్ముడు. వద్దురా అని మాత్రం ఎవరూ అనలేదు. అన్న కూడా అనలేదు. ఆ ముల్లు ఇన్నేళ్ళయినా లోపల గుచ్చుకుంటూనే ఉంది.

మర్నాడు అన్నకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు.

అవతల నవ్వు వినిపించింది. "నీ బొమ్మ పెట్టారా? భలే పని చేశారే. సరే, ఆ అమ్మాయితో ఏమీ అనకు, పాపం భయపడుతుంది. నేను చూసుకుంటాలేరా."

నేను చూసుకుంటాలేరా! ఆ ఒక్క మాటతో టైలరు గాల్లో తేలిపోయాడు. అన్న స్టేజీ ఎక్కి, ఇది నేను కాదు, మా తమ్ముడు అంటాడు. అనకుండా ఎలా ఉంటాడు? ఆయన చేసే పనే నిజం తేల్చడం కదా. ఎవరూ అడక్కపోయినా టైలరు తెరకి లైనింగు వేశాడు. ఎప్పుడూ చెవి మీదికి వేలాడేసుకునే జుట్టుని ఆ రోజు నున్నగా వెనక్కి దువ్వాడు. భార్య చూసి నవ్వింది.

హాలు కిటకిటలాడుతోంది. జడ్జిగారు తాడు లాగారు. తెర సాఫీగా జారింది.

అదే చొక్కా, అదే బిత్తర చూపు. చెవి మాత్రం నిండుగా ఉంది. పైఅంచు దగ్గర రంగు ఇంకా తడి ఆరలేదు.

"ఈ కుర్రాణ్ణి చూస్తుంటే నా చిన్నతనమంతా కళ్ళముందు కదులుతోంది," అన్నారు జడ్జిగారు మైకులో, బొమ్మకేసి చెయ్యి చూపిస్తూ. చప్పట్లు మోగిపోయాయి. భార్య లేవబోతే టైలరు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

సభ ముగిశాక డ్రాయింగు టీచరు ఎదురొచ్చింది. "జడ్జిగారే స్వయంగా ఫోన్ చేశారు తాతగారూ. చెవి దగ్గర ఫోటోని చెదలు తినేశాయట, సరిచెయ్యమన్నారు. నేనది చూసుకోనే..."

ఆమె కళ్ళు దువ్విన జుట్టు పక్కన, ఆ అరచెవి మీద ఆగిపోయాయి.

"బాగా వేశావమ్మా," అన్నాడు టైలరు. "నీ ఉద్యోగానికేం ఢోకా లేదు."

ఈలోగా జడ్జిగారు దండలు తీసేసి జనాన్ని తోసుకుంటూ వచ్చి, తమ్ముడి భుజం మీద చెయ్యేశారు. "ఏరా, చూసుకుంటానన్నానా లేదా? సంతోషమేనా?"

టైలరు అన్న మొహంలోకి చూశాడు.

"చెవి అతికించేశావన్నయ్యా. ఇక ఆ కుక్క కూడా కరవలేదన్నమాట."

అన్న చెయ్యి భుజం మీంచి జారిపోయింది. టైలరు గోడ దగ్గరికెళ్ళి, కింద పడున్న తెర తీసి, దుమ్ము దులిపి, మడత పెట్టడం మొదలుపెట్టాడు. రెండో కొస భార్య పట్టుకుంది.