పదకొండు అడుగుల మిద్దె

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నలభైకి అనంతపురం బస్టాండులో బుక్కరాయసముద్రం బస్సు కదిలింది. అప్పటికి ఆ బస్సు కండక్టరు హేమావతి మూడు వారాల్లో పద్నాలుగు ఇళ్లు చూసింది. ఒక్కటీ కుదరలేదు. ఆదివారం పొద్దున సోమందేపల్లె నుంచి ఒకాయన ధర్మవరం వచ్చి ఆమె భర్త మగ్గం కొనుక్కుపోతాడు. ఆలోపు ఇల్లు దొరకాలి.

భర్త పేరు నాగేశ్వర. ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. అతనున్న అద్దె ఇంటిని పడగొట్టి షాపులు కడతామని యజమాని చెప్పాడు. నెలాఖరు గడువు. పెళ్లయి ఏడాదైంది. హేమావతి డ్యూటీ కోసం అనంతపురంలో హాస్టల్లో ఉంటూ, సెలవు దొరికినప్పుడు ధర్మవరం పోయి వస్తోంది. ఎలాగూ మారాలి కాబట్టి ఇద్దరూ అనంతపురం దగ్గరే ఉందామనుకున్నారు. మనుషులు పట్టే ఇళ్లు చాలానే ఉన్నాయి. మగ్గం పట్టే ఇల్లు లేదు.

ధర్మవరంలో నేలలో గుంత తీసి మగ్గం దింపుతారు. నేసేవాడి కాళ్లు గుంతలో ఉంటాయి. టైల్స్ వేసిన ఇంట్లో గుంత తవ్వనిచ్చే యజమాని ఎవరూ లేరు. గుంత లేకపోతే మగ్గాన్ని స్టాండు మీద నిలబెట్టాలి. దానిపైన జకార్డు ఉండాలి. చీర అంచులో పువ్వులు తేల్చేది అదే. నాగేశ్వర కొలిచి చెప్పాడు: నేల నుంచి మిద్దె కప్పుకు పదకొండు అడుగులు కావాలి, తగ్గితే కుదరదు. ఆ పొడవుకు ఒక పట్టుదారం తెంచి, చివర ముడివేసి ఆమె చేతికిచ్చాడు. అది ఆమె బ్యాగులో టికెట్ మిషన్ పక్కన ఉంటుంది.

కొత్త ఇళ్లు తొమ్మిదిన్నర, పది అడుగుల దగ్గర ఆగిపోతున్నాయి. ఒకచోట ఆమె స్టూలెక్కి గోడకు దారం పట్టి చూస్తుంటే ఇంటాయన వచ్చి, "మా ఇంట్లో ఈ దారాలు కట్టే పనులేందమ్మా?" అని బయటికి పంపించాడు.

బుధవారం నాగేశ్వర ఫోన్ చేశాడు. "మగ్గం ఇచ్చేస్తా హేమా. అనంతపురంలో బట్టల షాపులో మనిషి కావాలంట. చీరలు మడతేసి చూపించేదే కదా" అన్నాడు. అతను పన్నెండో ఏట మగ్గం ఎక్కినవాడు.

"శనివారం సాయంత్రం దాకా ఆగు" అంది హేమావతి.

ఈ సంగతి బస్సులో రోజూ ఎక్కేవాళ్లందరికీ తెలుసు. డ్రైవరు తిప్పన్న దారిలో టు-లెట్ బోర్డు కనబడితే రెండుసార్లు హారన్ కొడతాడు. అది విని ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి నంబరు చదువుకుంటుంది.

"ఏమప్పా తిప్పన్నా, ఇది బస్సా, ఇండ్లు చూపించే టూరా?" అన్నాడు వెనక సీటాయన ఒకరోజు.

"నీకు పిల్లనిచ్చే ఇల్లుంటే ఆడ కూడా కొడతాలే హారను" అన్నాడు తిప్పన్న.

ఆ శుక్రవారం ఒంటిగంటా మూడు నిమిషాలకు, ఆఖరి స్టాపుకు కాస్త ముందు, హారన్ రెండుసార్లు మోగింది. ఎడమ పక్క ప్రహరీ మీద సున్నంతో 'ఇల్లు బాడుగకు ఇవ్వబడును' అని రాసి, కింద నంబరు వేసి ఉంది. హేమావతి ఆ నంబరుకు ఫోన్ చేసింది. బస్సు చప్పుడుకు వినపడక స్పీకరు పెట్టింది.

"ఇల్లు ఉండాదా అన్నా?"

"ఉండాది. రెండు రూములు, వంటిల్లు. బోరు నీళ్లు."

"మిద్దె ఎంత ఎత్తు?"

"మామూలేనమ్మా. పదడుగులు. పదికి కూడా రవ్వంత తక్కువే."

"అయితే వద్దులేన్నా" అని ఆమె పెట్టేసింది. అది పదిహేనో ఇల్లు.

మూడో సీట్లో చౌడమ్మ ఖాళీ గంపతో కూర్చుని ఉంది. అనంతపురం మార్కెట్టులో ఆకుకూరలు అమ్ముకుని ఇంటికి పోతోంది. "ఆ గొంతు పుల్లన్నది కదా? శెనక్కాయల పుల్లన్నది?" అంది.

"ఎవరో అవ్వా. పదడుగులంట."

"పదా? ఆ ఇంట్లో నేను ఎనిమిదేండ్లు మూటలు కుట్టినా పాపా. పది మూటలు ఒకదానిమీద ఒకటి పేర్చి, ఆ పైన మా యేసన్న కూర్చొని బీడీ తాగేవాడు. తల తగిలేదే కాదు."

బస్సంతా ఇటు తిరిగింది.

"మూట పండుకోబెడితే అడుగుంటాది" అన్నాడు వెనక సీటాయన. "పదడుగులు ఆడికే అయిపోయె."

"యేసన్న కూర్చుంటే ఇంకో రెండున్నర."

"యేసన్న పొట్టోడప్పా, రెండే వేసుకో."

"మరి పదంటాడేమి ఆ పెద్దమనిషి?" అంది హేమావతి.

"పోయి అడుగు" అన్నాడు తిప్పన్న, బస్సు ఆపుతూ. "పన్నెండు నిమిషాలుండాది. ఒకటీ పదిహేడుకు గేరు వేస్తా, నువ్వు ఉండినా లేకపోయినా."

"కండక్టరు లేకుండా యాడికి పోతావన్నా?"

"అదీ నిజమే. పరిగెత్తు."

ఆమె పరిగెత్తింది. ఇల్లు మూడువందల అడుగులు వెనక్కి. చౌడమ్మ గంప చంకన పెట్టుకుని, "నువ్వు పో, నేనొస్తాండా" అని కేకేసి వెనక నడిచింది.

అరుగు మీద కూర్చున్న పుల్లన్న ఖాకీ చొక్కాను చూసి లేచాడు. "నేను బస్సెక్కనే లేదు తల్లీ."

"ఇందాక ఫోన్ చేసింది నేనే. ఇల్లు చూపించన్నా."

లోపల మొదటి గదిలో హేమావతి తలెత్తి చూసింది. ఫ్యాను పొడుగు రాడ్డుకు వేలాడుతోంది. మూలన బూజుకర్ర ఉంది. రెండు వెదుళ్లు కలిపి కట్టి, కొనకు చీపురు బిగించారు. ఆమె దాన్ని నేల మీద పడుకోబెట్టి, బ్యాగులోంచి దారం తీసి పక్కన పరిచింది. ముడి దగ్గర దారం అయిపోయింది. కర్ర ఇంకా జానెడు మిగిలింది. కర్రను గోడవారగా నిలబెట్టింది. చీపురు కొన మిద్దెకు ఇంకో జానెడు కిందే ఆగింది.

ఆమె మళ్లీ దారం పరిచింది. మళ్లీ అంతే.

"అవునమ్మా, ఎత్తే" అన్నాడు పుల్లన్న. "ఏం చేద్దాం, మూటల కోసం కట్టించిన రూము. ముగ్గురొచ్చి ముగ్గురూ ఖాళీ చేసినారు. ఫ్యాను గాలి తగలదని ఒకరు, బూజు అందదని ఒకరు. మూడో ఆయమ్మ బావిలో మాట్లాడినట్లుందనింది. అప్పటి నుంచి పదనే చెప్తాండా. బాడుగ తగ్గిస్తాలే."

"తగ్గించొద్దన్నా! ఈడ మగ్గం పెట్టుకోవచ్చా?"

"మగ్గమా?"

"పొద్దున ఆరు నుంచి టకటకమంటానే ఉంటాది. ముందే చెప్తాండా, తర్వాత సద్దు అనొద్దు."

పుల్లన్న గది నాలుగు మూలలూ చూశాడు. "ఈడ శెనక్కాయలు ఒలిచే మిషను ఆడేది. దాని ముందు మీ మగ్గమెంత. నాలుగేండ్లాయె ఈ రూములో ఒక్క మూట దించి. ఉండనీ, ఏదో ఒక సద్దు."

చౌడమ్మ గడప దగ్గరికి వచ్చింది. "యాడ పుల్లన్నా, పదడుగులు?"

"నువ్వేనా ఈయమ్మకు చెప్పింది?" అని అతను నవ్వాడు.

బయట హారన్ మోగింది. ఒకటీ పదహారు.

"సాయంత్రం ట్రిప్పులో అడ్వాన్సు తెస్తా. గోడ మీది రాత చెరిపేయన్నా, ఇప్పుడే" అంటూ హేమావతి దారం చుట్టుకుని పరిగెత్తింది.

బస్సు రెండు నిమిషాలు ఆలస్యంగా కదిలింది. ఆమె మెట్టు మీద నిలబడే నాగేశ్వరకు ఫోన్ చేసింది. అవతల మగ్గం చప్పుడు వినిపించి, ఆగింది.

"పన్నెండున్నర ఉంటాది" అంది.

"టైమా?"

"అడుగులు! మిద్దె! నీ దారం మీద ఇంకా రెండు జానలు."

"కిటికీ ఏ పక్కుండాది?" అన్నాడు నాగేశ్వర.

"చూళ్లేదు."

"కిటికీ చూడకుండా ఇల్లు మాట్లాడినావా? పొద్దునపూట వెలుతురు లేకపోతే పోగెట్లా కనపడాల?"

తిప్పన్న విన్నాడు. ఎవరూ అడగకుండానే బస్సు నెమ్మది చేసి రెండుసార్లు హారన్ కొట్టాడు. కుడిపక్క ప్రహరీ దగ్గర పుల్లన్న తడిగుడ్డతో నంబరు తుడుస్తున్నాడు. ప్రహరీ వెనక, ఆ మొదటి గది గోడకు కిటికీ ఉంది. బస్సులో సగంమంది కుడివైపుకు వంగారు.

"తూర్పే, తూర్పే" అన్నారు ఇద్దరు ముగ్గురు.

"తూర్పంట" అంది హేమావతి ఫోనులో. "సోమందేపల్లె ఆయనకు రావద్దని చెప్పు."

"రేపు చెప్తాలే."

"ఇప్పుడే చెప్పు. పెట్టేయ్, నేను టికెట్లు కొట్టాల."