ఎనిమిదింట మూడు

శుక్రవారం లోపు చేయాల్సిన పనులు: మునిసిపల్ ఆఫీసు నుంచి కౌన్సిల్ మినిట్స్ జిరాక్సులు తేవాలి. మంచినీళ్ల తీర్మానాలు విడిగా తీయాలి. మా కౌన్సిలర్ ఎటువైపు చేయెత్తిందో చూసి మార్కులు వేయాలి. వార్డు మీటింగులో చదవాలి. అంతకంటే ముందు దేవమ్మ పెద్దమ్మకు చెప్పాలి.

చివరిది తప్ప అన్నీ అయ్యాయి.

మా కౌన్సిలర్ దేవమ్మ పెద్దమ్మే. పక్కిల్లు. నన్ను డిగ్రీలో చేర్చనని నాన్న మొండికేస్తే, ఆయన మోటార్ వైండింగ్ షాపు ముందు కుర్చీ వేసుకుని, "అలీ సాహెబూ, పిల్ల కాలేజీకి పోయేదాకా నేను లేవను" అన్న మనిషి. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే అయిందంటే అందుకే.

ఎన్నికలప్పుడు ఆమె రోజు విడిచి రోజు ఇంటింటికీ నీళ్లిప్పిస్తానని మాటిచ్చింది. మా పౌర సంఘం ఆ మాటనే కొలతగా పెట్టుకుంది. ఏడు తీర్మానాల్లో ఆమె ఆ మాటకు కట్టుబడి చేయెత్తింది రెండిటికే.

"నాలుగని చదువు జెబా. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు నాన్న.

"మినిట్స్‌లో ఉంది నాన్నా."

మీటింగులో రెండనే చదివాను. ముందు వరుసలోంచి పెద్దమ్మ లేచింది.

"ఏందే, నాకు రెండా? నీకు లెక్కల్లో రెండొచ్చినప్పుడు నేను ఊరంతా చాటానా?"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"వీధి కుళాయిల తీర్మానం రోజు నాకు జ్వరం. దానికీ సున్నానేనా?"

"ఆరోజు మాక్కూడా నీళ్లు రాలేదుగా వదినా," అంది వెనక నుంచి మా వీధి గురవమ్మత్త.

"మరి మిగతా నాలుగూ పెద్దమ్మా?" అన్నాను మెల్లగా.

"ఛైర్మన్ ఎత్తితే అందరం ఎత్తుతాం. ఎజెండా కాగితం ఇస్తారు, అది తెలుగో ఏందో నోరే తిరగదు." నా వైపు వేలు చూపించింది. "ఈసారి కాగితం రాగానే నువ్వొచ్చి చదివి చెప్పు. మార్కులేసేదానివి, పాఠం చెప్పొద్దా?"

మరుసటి నెల కుళాయి దగ్గర బిందెల మధ్య నిలబడి ఎజెండా చదివాను. పైప్‌లైన్ నిధులను ఊరి మొదట్లో నాపరాళ్ల స్వాగత ద్వారానికి మళ్లించాలన్నది ఒక అంశం.

"ద్వారం పిండుకుని తాగుతామా?" అంది గురవమ్మత్త.

కౌన్సిల్ రోజు నేను వెనక బెంచీలో కూర్చున్నాను. అనుకూలమంటే దాదాపు అన్ని చేతులూ లేచాయి. వ్యతిరేకమంటే ఒక్కటే లేచింది.

"దేవమ్మ గారూ, మీరిందాకే ఎత్తాల్సింది," అన్నాడు ఛైర్మన్.

"తెలిసే ఎత్తా. రాసుకోండయ్యా!"

రాసుకున్నారు. తీర్మానం మాత్రం నెగ్గింది. ద్వారానికి పునాదులు తవ్వుతున్నారు. మా వీధికి నీళ్లు ఇప్పటికీ నాలుగు రోజులకోసారే.

ఆ రోజు ఆటోలో తిరిగొస్తూ పెద్దమ్మ అడిగింది: "ఇప్పుడెంత?"

"ఎనిమిదింట మూడు."

"పాసా?"

"కాలేదు పెద్దమ్మా."

"పోనీలే. ఈసారి పక్కోళ్లది కాపీ కొట్టలా."

మా నివేదిక ఈ నెల అచ్చవుతోంది. అందులో ఆమె పేరు పక్కన మూడే ఉంటుంది, నేను పెంచలేదు. మీ చేతికొస్తే ఆ అంకె చూసి నవ్వుకోండి, ఫర్వాలేదు. అందరూ చేతులు దించేశాక ఒక్కతే చేయెత్తిన మా దేవమ్మ పెద్దమ్మను మాత్రం గుర్తుపెట్టుకోండి.