గద్దకన్ను అడగని మాట

మా అక్క కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఎవరెవరి దవడలకో గంటల తరబడి పళ్ళు చెక్కే మనిషికి ఒక్క విషయంలో మాత్రం ఓపిక నశించింది. అది ఆమె ఆడే వీడియో గేమ్‌కు రావలసిన అదనపు కథ.

రాజ్యాలూ మాంత్రికులూ ఉన్న గేమ్ అది. అందులో గద్దకన్ను అనే ముసలి విలుకాడు అక్కకు బాణం వెయ్యడం నేర్పి, కథ సగంలో మంచుకొండల్లోకి వెళ్ళిపోయాడు. ఏమయ్యాడో డౌన్‌లోడ్ చేసుకునే కొత్త కథలో చెబుతామని కంపెనీవాళ్ళు వాయిదా మీద వాయిదా వేశారు. అక్కకు కళ్ళు కాయలు కాచాయి.

ఆదివారం పొద్దున అది వచ్చింది. అక్క టీ చల్లారబెట్టుకుని మరీ తెర ముందు కూర్చుంది. డౌన్‌లోడ్ అయ్యాక ఒక వాక్యం కనిపించింది: ‘అసలు కథ ముగించినవారికే ప్రవేశం.’

అక్క కంట్రోలర్‌ను ఒళ్ళో పడేసింది.

అసలు కథను ఆమె కావాలనే ముగించలేదు. చివరి కోట తలుపు దాటితే, గేమ్‌లో ఆమె వెంట తిరిగే వేర్ల పిల్ల చనిపోతుంది. ఎలా ఆడినా అంతేనని ముందే ఆడినవాళ్ళు చెప్పారు. దాటాక వెనక్కి రావడమూ లేదు. ఆ పిల్లను చిన్నప్పటినుంచీ పెంచింది గద్దకన్నే. ఆ పిల్లే అడవిలో వేర్లు ఏరి అక్క గాయాలకు కట్టేది. అందుకే అక్క ఆ తలుపు జోలికి పోకుండా, తీరిక దొరికినప్పుడల్లా ఆ పిల్లను వెంటేసుకుని ఊరికే అడవుల్లో తిరిగేది.

“దాటెయ్యవే, బొమ్మేగా!” అన్నాడు బావ, బూట్లకు పాలిష్ పెడుతూ.

“పాత స్కూటర్ అమ్మేద్దామంటే మీరు అలిగి అన్నం మానేశారు. అదేమన్నా మనిషా?”

“అది నన్ను ఊరంతా తిప్పింది.”

“ఈ పిల్ల నన్ను బతికించింది.”

మధ్యాహ్నానికి అక్క తలుపు దాటింది. వేర్ల పిల్ల భుజంతో తలుపు ఆపి అందరినీ లోపలికి పంపి, తను బయటే ఉండిపోయింది. అక్క లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది.

కొత్త కథ తెరుచుకుంది. మంచు బ్రహ్మాండంగా ఉంది. గుర్రానికి కొత్త జీను ఇచ్చారు. గద్దకన్ను గుడిసె ముందు నిలబడి, “వచ్చావా? తోడేలు తోళ్ళు తెచ్చిపెట్టు” అన్నాడు.

తెచ్చింది.

“ఇక ఎలుగు తోళ్ళు.”

“వీడికి చలా, తోళ్ళ వ్యాపారమా?” అక్క పళ్ళు కొరికింది.

నేను ఫోన్‌లో అభిమానుల అభిప్రాయాలు చూశాను. జీను అదిరిందని కొందరు, తోళ్ళు ఎక్కడ దొరుకుతాయని కొందరు.

“ఆ పిల్ల గురించి ఎవరైనా రాశారా?”

“లేదక్కా.”

“కొండను తవ్వి ఎలుకను పట్టారన్నమాట” అన్నాడు బావ.

“ఎలుకైనా సరే, దాని తోలూ అడుగుతాడు వీడు!”

సాయంత్రానికి తోళ్ళన్నీ చేరాయి. గద్దకన్ను అక్కను మంట దగ్గర కూర్చోబెట్టి, “ఇక్కడే ఉండిపోతావా?” అన్నాడు. కింద రెండు జవాబులున్నాయి: ‘ఉంటాను’, ‘నాకు పనుంది’. మూడో జవాబు కోసం అక్క మీటలన్నీ నొక్కి చూసింది. లేదు. టీవీ కట్టేసింది.

“జవాబు చెప్పలేదేం?” అన్నాను.

“పెంచిన పిల్ల ఏమైందని అడగనివాడికి నేనెందుకు చెప్పాలే? అడిగేదాకా అక్కడే కూర్చోనీ.”