సున్నం తడిసిన రెండు రోజులు

కెటిల్ అడుగున పేరుకున్న తెల్లటి పొరను వెనిగర్ పోసి గీకుతున్నాను. "ల్యాబులో సున్నం, ఇంట్లో సున్నం. నీ నుదుట సున్నమే రాసిపెట్టాడు దేవుడు," అన్నారు మా ఆయన షూ లేసులు బిగించుకుంటూ. నవ్వాను. నవ్వకపోతే జోకు కూడా అర్థం కాదంటారు. "నాలుగింటికి మా ఆఫీసు వాళ్లు వస్తున్నారు, రెండింటికల్లా వచ్చేయ్," అన్నారు. మూడింటికి ల్యాబులో కమిటీ రివ్యూ ఉందన్నాను. "రివ్యూ మీ సార్‌ది కదా, నీకేం పని?" లోపలి గదిలోంచి అత్తగారు అందుకున్నారు. "ఎలాగూ కాల్చే పనే కదమ్మా, ఆ పొడేదో మన పొయ్యి మీదే కాల్చుకుంటే ఇద్దరికీ కలిసొచ్చేది." ఆ మాటకు జవాబు బస్సెక్కాక దొరికింది. నా జవాబులన్నీ బస్సులోనే దొరుకుతాయి.

పద్నాలుగేళ్లుగా నేను చేసే పని చెప్పడానికి తేలిక. సున్నపురాయి పొడిని కొలిమిలో తొమ్మిది వందల డిగ్రీల దాకా కాలిస్తే లోపలి కార్బన్ డయాక్సైడ్ వదిలేసి సున్నం అవుతుంది. వేడి కాస్త తగ్గించి దానిమీదుగా పొగ పంపితే, ఆ పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని మళ్లీ రాయి అవుతుంది. మళ్లీ కాల్చాలి, మళ్లీ పట్టించాలి. ఫ్యాక్టరీ గొట్టాల్లో పొగను ఇలాగే వడకట్టొచ్చని మా ఆశ. కానీ కాల్చినప్పుడల్లా రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోయి, లోపలి సందులు మూసుకుపోతాయి. ముప్ఫైసార్లు కాలిస్తే మొదట పట్టినదాంట్లో మూడో వంతు కూడా పట్టదు. అప్పుడు పారేసి కొత్త పొడి పోస్తాం. ఆవిరి పట్టించి చూద్దామా అని రెండేళ్ల కిందట అడిగితే, "నుసైపోతుందమ్మా, వదిలెయ్," అన్నారు సార్.

పోయిన నెల ముప్ఫై రెండోసారి కాల్చడం అవగానే ఫోను. అత్తగారికి మోకాలు పట్టేసింది. ఆయనకి మీటింగు. ఆడపడుచుకి పిల్లల పరీక్షలు. నాకూ ఒక పని ఉందని ఎవరికీ గుర్తు రాలేదు, నాకూ రాలేదు. కొలిమి ఆపేసి, పొడిని తేమ తగలని జాడీలో పెట్టకుండానే పరిగెత్తాను. రెండు రోజులు ఆస్పత్రి వరండాలో, బయట వాన. తిరిగొచ్చేసరికి పొడి తేమ పీల్చుకుని మల్లెమొగ్గల్లా ఉబ్బి ఉంది. "ఇల్లు వేరు, ల్యాబు వేరు. చీటికీ మాటికీ పరిగెడితే ఎలా? పారెయ్," అన్నారు సార్. పారెయ్యడానికీ ఓపిక లేదు. కొలిమిలోనే ఉంచి, మళ్లీ కాల్చి పొగ పంపాను. ముందుసారి కంటే రెట్టింపు పట్టింది. త్రాసు పాడైందనుకుని రెండుసార్లు సరిచూశాను. జరిగింది జరిగినట్టు లాగ్ బుక్కులో రాసుకున్నాను. ఆ తర్వాత మరో ఏడుసార్లు, మధ్యమధ్యలో కావాలనే ఆవిరి పట్టించి చేశాను. ఏడుసార్లూ అదే ఫలితం.

ఆ ఫలితాలు చూశాక సార్ కుర్చీ నా బల్ల దగ్గరికి జరిగింది. "ఈ ఆలోచన నా బుర్రలో ఎప్పట్నుంచో ఉందమ్మా." నిన్న సాయంత్రం ఇంకాస్త దగ్గరికి జరిగింది. "ఆ మొదటి పేజీ బాగాలేదు. అత్తగారు, మోకాలు, ఏమిటిదంతా? కొత్త పేజీలో, సార్ సూచన మేరకు ఆవిరి పట్టించడమైనది అని రాసి సంతకం పెట్టు. పొరపాటని ఉంటే నీకే చెడ్డపేరు. నీ మంచికే చెప్తున్నా." నా మంచి కోరేవాళ్లకి ఎప్పుడూ కొదవ లేదు.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి తెల్ల కాగితం ముందు కూర్చున్నాను. ఒక్క వాక్యం, ఒక్క సంతకం. రెండింటికి ఇంట్లో ఉంటాను, అందరూ సంతోషిస్తారు. ఇలాంటి వాక్యాలు ఎన్ని రాసివ్వలేదు! అలసటలో ఒక సుఖం ఉంది, దేనికైనా సరే అనేస్తాం. రెండూ ఐదుకి, కాగితం ఇంకా తెల్లగానే ఉండగా, ఫోను మోగింది. "బయల్దేరావా?" అన్నారు ఆయన. "లేదండి." "మరి వాళ్లొస్తే?" "మీరున్నారుగా." నేనే పెట్టేశాను.

మూడింటికి లాగ్ బుక్కు పట్టుకుని వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. సార్ తెరమీద గీత చూపిస్తున్నారు. పడిపోతూ వచ్చిన గీత ముప్ఫై రెండు దగ్గర లేచి నిలబడింది. కమిటీలో ఒక పెద్దావిడ కళ్లజోడు సవరించుకుని, "ఇక్కడ ఆవిరి పెట్టమని ఎవరు చెప్పారు?" అని అడిగారు. "నా సూచనేనండి," అన్నారు సార్.

లేచాను. నా గొంతు కూరగాయలు బేరమాడేటప్పటి గొంతే. "ఎవరూ చెప్పలేదండి. మా అత్తగారిని ఆస్పత్రికి తీసుకెళ్లే హడావిడిలో నేనే వదిలేసి వెళ్లాను. తర్వాతి ఏడుసార్లూ కావాలనే చేశాను. తేదీలతో రాసుంది, చూడండి."

"అమ్మా, ఇంటి సంగతులు ఇక్కడెందుకు?" అన్నారు సార్ పళ్ల మధ్య నుంచి.

పెద్దావిడ పుస్తకం కోసం చెయ్యి చాపారు. ఇచ్చాను. అక్కణ్నుంచి తెర దగ్గరికి నాలుగడుగులు.

"మీరు కూర్చోండి సార్," అన్నాను. "మిగతాది నేను చెప్తాను."