బంతి పట్టడం రాని కోచ్

పైనీ ఫోర్క్ జూనియర్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో మొదటి ఏడాది నేను తొమ్మిది బంతులు జారవిడిచాను. అవేమీ గాల్లోకి ఎగిరి అందుకోవాల్సినవి కావు, చేతుల్లోకి వచ్చి పడ్డవే. క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పరుగు మీద పట్టుకోవడం తప్ప ఆ మైదానంలో నాకు వేరే పని లేదు. రిసీవరంటే అంతే. ఆ ఒక్క పనీ చేతకాదన్న సంగతి మా ఊళ్ళో మంగలి షాపు దాకా పాకింది. కుర్చీలో కూర్చుంటే చాలు, "ఏం లవెల్, తలకి రాసే నూనె చేతులకి కూడా రాసుకెళ్తున్నావా" అని మొదలుపెట్టేవాళ్ళు.

అప్పట్లో రిసీవర్లకున్న కోచ్ దగ్గర ఒకటే మందు. బంతి జారితే ఓ అరుపు, ఆ తర్వాత మైదానం చుట్టూ రెండు రౌండ్లు. "పట్టరా బంతి" అనేవాడు. ఒకప్పుడు ఆయన మంచి పేరున్న రిసీవర్. పుట్టుకతో వచ్చిన విద్య కావడంతో, రానివాడికి ఏం చెప్పాలో తెలిసేది కాదేమో. మరుసటి ఏడాది ఆగస్టులో, సీజన్ ఇంకా మూడు వారాలుందనగా, పెద్ద కాలేజీలో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు.

అంత తక్కువ వ్యవధిలో కొత్తవాడెవడొస్తాడు? హెడ్ కోచ్ బర్డెట్‌గారు మా ఆరుగురు రిసీవర్లనీ హార్లన్ ఓడమ్‌కి అప్పగించారు. ఓడమ్‌గారు లైన్‌మెన్ కోచ్. ముందు వరసలో నిలబడి ఎదుటివాణ్ణి గుద్ది ఆపే భారీ శాల్తీలుంటారే, వాళ్ళకి గురువు. మూడొందల పౌండ్ల మనిషి, యాభై దాటాయి. వేళ్ళు చూస్తే మొక్కజొన్న కంకులు. "దున్నపోతుని తెచ్చి గుర్రాలకి పరుగు నేర్పమన్నారు" అన్నాడు మావాడు క్విన్సీ. వాడికి నోరెక్కువ. మాలో అందరికంటే బాగా బంతి పట్టేదీ వాడే.

మొదటి రోజు ఓడమ్‌గారు మమ్మల్ని గోల్ పోస్టు దగ్గర కూర్చోబెట్టారు.

"బాబూ, పదకొండేళ్ళు ఆడాను. ఇరవై రెండేళ్ళుగా నేర్పిస్తున్నాను. ఇన్నేళ్ళలో ఒక్క బంతి కూడా పట్టలేదు. తెలియంది తెలుసని చెప్పడం నా వల్ల కాదు. ముందు మీరు నాకు నేర్పండి."

హాస్యమాడుతున్నారనుకున్నాం. ఆయన లేచి, పది గజాల దూరం వెళ్ళి, చేతులు చాపి నిలబడ్డారు. క్విన్సీ మెల్లగానే విసిరాడు. బంతి ఆయన బొజ్జకి తగిలి కాళ్ళ దగ్గర పడింది. మాకు నవ్వాగలేదు. ఆయన కూడా నవ్వి బంతి తీసిచ్చి, "ఇంకోటి" అన్నారు. అదీ పడిపోయింది. ఎనిమిదోది పడ్డాక నావైపు తిరిగారు.

"లవెల్, నేనేం తప్పు చేస్తున్నానో చెప్పు."

"బంతిని చూడాలి కోచ్."

"చూస్తూనే ఉన్నా కదయ్యా."

"మరి... ఇంకా బాగా చూడాలి."

"ఎక్కడి దాకా?"

మర్నాడు ఆయన నన్ను పక్కనే నిలబడి తన కళ్ళు మాత్రమే చూస్తూ ఉండమన్నారు. గుంజీళ్ళు తీసినట్టు రొప్పుతూ ఆయన బంతుల వెంట పడుతుంటే, నేను ఆ కళ్ళనే చూస్తూ నిలబడ్డాను. అప్పుడు లోపం ఎక్కడుందో పట్టేశాను. బంతి వస్తున్నంతసేపూ చూపు దాని మీదే ఉంది. మూరెడు దూరంలోకి వచ్చేసరికి మాత్రం కనుగుడ్లు పక్కకి జరిగిపోతున్నాయి. బంతి చేతులకి తాకేముందే ఆయన ఎటు పరుగెత్తాలో చూసుకుంటున్నారు.

"కోచ్, ఆఖరి మూరలో మీరు బంతిని వదిలేస్తున్నారు. అది చంకలో ఇరికేదాకా చూడాలి."

క్విన్సీ పకాలున నవ్వాడు. "చెప్పేవాడెవడో చూడండి."

"అంటే ఏంటి క్విన్సీ?" అని అడిగారు ఓడమ్‌గారు.

"వీడిదీ అదే జబ్బు సార్. పోయినేడు ఆ తొమ్మిదీ అలాగే జారాయి. ఎవడొచ్చి గుద్దుతాడోనని ముందే తల తిప్పేస్తాడు."

నాకు చెవులు వేడెక్కాయి. కాదని గట్టిగా అందామనుకున్నాను, కానీ నిజమని అప్పుడే తెలిసిపోయింది.

"మరి పోయినేడు ఈ మాట వీడికి ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదు సార్" అన్నాడు క్విన్సీ, నవ్వు మానేసి.

ఓడమ్‌గారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "అయితే ఇద్దరం ఒకే క్లాసన్నమాట" అని, ఆ రోజు నుంచి ప్రాక్టీసు అయ్యాక నాతోపాటు ఇరవై నిమిషాలు ఉండిపోయేవారు. మిగతా రిసీవర్లూ ఆగేవాళ్ళు. కోలగా ఉండే ఆ బంతి మొన మీద సుద్దతో అంకె వేసి విసరడం క్విన్సీ ఆలోచనే. పట్టుకునేటప్పుడు ఆ అంకె పైకి చెప్పాలి. చెప్పాలంటే చివరిదాకా చూడక తప్పదు.

"ఏడు" అని అరిచేవారు ఓడమ్‌గారు.

"నాలుగు సార్ అది" అనేవాడు క్విన్సీ.

"నీ రాత అఘోరించినట్టుంది. మీ పంతులమ్మెవరు?"

"మీ చూపు సంగతి చూసుకోండి ముందు."

రెండో వారంలో ఆయన చిటికెన వేలు వాచి కర్రపెండలంలా అయింది. అది పక్కవేలితో కలిపి టేపు చుట్టుకుని వచ్చారు. ఆ సాయంత్రం ఆయన భార్య వెర్లీన్ మేడమ్ పీచ్ పళ్ళతో చేసిన కాబ్లర్ అనే మిఠాయి గిన్నెతో కారు దిగింది. "ఈ వయసులో ఈయనకి రిసీవర్ అవ్వాలని పుట్టింది. ఇంట్లో పంచదార డబ్బా కూడా అంకె చెప్పి అందుకుంటున్నాడు. త్వరగా నేర్పి పంపించండి నాయనా" అంది. ఆ గిన్నె పావుగంటలో ఖాళీ చేశాం.

సీజన్ మొదలయ్యే వారం, సోమవారం నాడు, ఓడమ్‌గారు నేల అదిరేలా ఎనిమిది అడుగులు పరుగెత్తి, వెనక్కి తిరిగి, బంతిని రెండు చేతులా పట్టుకున్నారు. "రెండు" అన్నారు. రెండే. అవతల ప్రాక్టీసు చేసుకుంటున్న లైన్‌మెన్ అంతా ఉన్న పని వదిలేసి వచ్చి ఆయన వీపు చరిచారు. ఆయన మొహం చూస్తే, కొత్త బూట్లు వేసుకున్న పిల్లాడు గుర్తొచ్చాడు.

గురువారం మొదటి మ్యాచ్. రెండో క్వార్టర్‌లో నాకో బంతి వచ్చింది. పక్కన అడుగుల చప్పుడు వినిపించి తల తిప్పాను. బంతి జారింది. తిట్లు తినడానికి సిద్ధపడి గీత బయటికి వచ్చాను.

"కళ్ళు ఎక్కడికి పోయాయి?" అన్నారు ఓడమ్‌గారు.

"గుద్దేవాడి మీదికి."

"గుద్దాడా?"

"గుద్దాడు."

"చూసినా గుద్దాడు కదా. ఈసారి బంతినే చూడు."

అంతే. అరుపు లేదు, రౌండ్లు లేవు. తర్వాతి బంతి చంకలోకి వెళ్ళేదాకా చూశాను. అప్పుడూ గుద్దాడు, పక్కటెముకలు కదిలిపోయాయి, కానీ బంతి నా దగ్గరే ఉంది. ఆ ఏడాది తొమ్మిది మ్యాచుల్లో నలభై ఏడు బంతులు పట్టాను. జారినవి రెండంటే రెండు.

నవంబరులో సీజన్ ముగిశాక కాలేజీ భోజనాల హాల్లో అందరం కూర్చుని తింటున్నప్పుడు బర్డెట్‌గారు కదిపారు. "హార్లన్, పేపర్లో రాశారు చూశావా, నువ్వు గొప్ప రిసీవర్ కోచ్‌వట. కుర్రాళ్ళకి ఇంకో ఏడాది వయసు పెరిగింది. క్వార్టర్‌బ్యాక్ కుదురుగా విసరడం నేర్చుకున్నాడు. ఇందులో నువ్వు చేసిందేముంది?"

"పెద్దగా ఏం లేదు" అన్నారు ఓడమ్‌గారు, బన్ను లాంటి మెత్తటి బిస్కెట్‌కి గ్రేవీ అద్దుకుంటూ.

ఆయనేదో వినయానికి అన్నారని అప్పట్లో అనుకున్నాను. తర్వాత లెక్క చూసుకుంటే బర్డెట్‌గారి మాటలోనూ నిజముంది. క్విన్సీ ముందటేడూ నాలుగు వదిలాడు, ఆ ఏడూ నాలుగే. మాలో ఒకడికి ఇంకా ఎక్కువ జారాయి. అదే కోచ్, అదే సుద్ద, అవే ఇరవై నిమిషాలు. వాళ్ళకి రాని మార్పు నాకెందుకొచ్చిందంటే, నాకు కావలసిన మాట ఒక్కటే, అది నా చేతే చెప్పించగల మనిషి దొరికాడు. ఇది ఏ పట్టికలోనూ ఎక్కదు. క్విన్సీని అడిగితే మాత్రం, "ఓడమ్ నాకేం నేర్పలేదు, నేనే ఓడమ్‌కి నేర్పాను" అంటాడు. అందులోనూ అబద్ధం లేదు.

వసంతంలో, మా రెండేళ్ళ కాలేజీ చదువు ముగుస్తుండగా, లూసియానా నుంచి నాలుగేళ్ళ కాలేజీ ఒకటి నన్ను తమ జట్టులోకి తీసుకుంది. ఫోన్లో వాళ్ళ కోచ్, "నీకు బంతి పట్టడం నేర్పిందెవరు?" అన్నాడు. చెప్పాను. "ఆ లైన్‌మెన్ ఓడమా? వేళాకోళమా?" అని చాలాసేపు నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ శనివారం ఈ మాట చెబుదామని ఓడమ్‌గారింటికి వెళ్ళాను. అప్పటికే మా రిసీవర్లకి కొత్త కోచ్ వచ్చేశాడు. ఈయన మళ్ళీ తన భారీ శాల్తీల దగ్గరికి చేరిపోయారు. పెరట్లో పెద్ద మూకుట్లో క్యాట్‌ఫిష్ వేగుతోంది. ఐదుగురు లైన్‌మెన్ ఉన్న కుర్చీలన్నీ ఆక్రమించి, మోకాళ్ళ మీద పళ్ళేలు పెట్టుకుని కూర్చున్నారు.

"లూసియానా పిలిచింది కోచ్" అన్నాను.

ఆయన జల్లిగరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, నన్ను దగ్గరికి లాక్కుని తల మీద చెయ్యి వేశారు. "మంచిదయ్యా. చాలా మంచిది. మీ అమ్మకి చెప్పావా?"

"ముందు ఆవిడకే చెప్పాను."

"అలాగే చెయ్యాలి." మళ్ళీ మూకుడు వైపు తిరిగి, "ఇటు రా, ఈ ముక్క నీకు. వీళ్ళు చూసేలోగా తినెయ్" అన్నారు.

కుర్చీ లేకపోవడంతో ఐస్ పెట్టె మీద కూర్చున్నాను. చేప నోరు కాల్చేంత వేడిగా ఉంది. ఓడమ్‌గారు అప్పటికే ఎడమ చివర ఆడే కుర్రాడికి, కాలు ముందు ఏ వైపు వెయ్యాలో జల్లిగరిటెతో గాల్లో గీసి చూపిస్తున్నారు. వెర్లీన్ మేడమ్ కిటికీలోంచి, "లవెల్, పళ్ళెం నిండా పెట్టుకో, మొహమాటపడకు" అంది. నేను మొహమాటపడలేదు.