బొమ్మల్లో మాటలు

"భయపడేవాళ్లకి పెద్ద కుర్చీ ఎందుకు చెప్పు?" అన్నాడు భర్త, తిన్న పళ్లెం తెచ్చి ఆమె తోముతున్న గిన్నెల మీద పెడుతూ. మాట మెత్తగానే ఉంది. ఆమె చేతిలో పీచు మాత్రం ఆగిపోయింది. ఆఫీసులో తనను టీముకి పెద్దగా చేస్తామన్నారని ఇంట్లో చెప్పిన మాట నిజమే. భయంగా ఉందని మాత్రం చెప్పలేదు. ఆ మాట ఒక్క అక్కకే రాసింది, అదీ స్నానాలగది గడియ పెట్టుకుని, ఫోనులో.

ఇది మొదటిసారి కాదు. మొన్న అత్తగారు ఫోను చేసి, ఆఫీసులో ఏడుపొస్తోందటగా, ఎవరికోసం తల్లీ ఈ పాట్లు అని జాలిపడింది. ఆ ఏడుపు సంగతీ అక్కకు తప్ప ఎవరికీ తెలియదు. నిప్పు లేనిదే పొగ రాదు కదా. అక్క నోట్లో నువ్వుగింజ నానదని చిన్నప్పుడు అమ్మ అంటూండేది. అది నవ్వులాటకు అన్న మాటనుకుని ఇన్నాళ్లూ మోసపోయానేమో అనుకుంది. పైగా భయంగా ఉందని రాస్తే అక్క జవాబే ఇవ్వలేదు. చెల్లెలికి ఒక ముక్క రాయడానికి తీరిక లేదుగానీ, మరిదికి మోసుకొచ్చి చెప్పడానికి ఉందన్నమాట. అనుమానం పెనుభూతమంటారు. ఆ భూతానికి రోజూ ఇంత తిండి పెట్టి పెంచింది తనే. ఆదివారం అక్క ఫోను చేస్తే ఎత్తలేదు. పిల్ల చిన్నది, అత్తింటివాళ్లకు ఇష్టం లేదు, చివరికి సొంత అక్క కూడా తనది కాదు. రేపు ఆఫీసులో జవాబు చెప్పాలి. వద్దనే చెప్పెయ్యాలని దాదాపు తేల్చుకుంది.

ఆ కుర్చీ ఊరికే రాలేదు. ఆమె పనిచేసేది సాఫ్ట్‌వేర్ కంపెనీలో. ఖాతాదారులు తమ కంప్యూటర్లో ఏదైనా తేడా వస్తే తెరను స్క్రీన్‌షాట్ తీసి పంపేవారు. బొమ్మలో ఉన్న మాటను ఎవరో ఒకరు కూర్చుని మళ్లీ టైపు చెయ్యాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఆమే. నీకు ఓపిక ఎక్కువ అనేవాడు మేనేజరు, మెచ్చుకోలుగా. ఆడవాళ్ల ఓపిక మీద లోకానికి ఎంత నమ్మకమో! విసిగి విసిగి ఆమె ఒక చిన్న ప్రోగ్రాం రాసుకుంది. దానికి బటన్లు లేవు, రంగులు లేవు. నల్లటి తెర మీద ఒక్క లైను టైపు చేసి ఫోల్డరు పేరు చెబితే చాలు, అందులో ఉన్న బొమ్మలన్నీ చదివి మాటలన్నీ బయట పోస్తుంది. అది చూసే ఆఫీసులో ఆమెను పెద్దగా చేస్తామన్నారు. ఇంట్లో సంబరంగా చూపించబోతే భర్త సగంలోనే నవ్వాడు. "ఇంతా చేసి బియ్యంలో రాళ్లు ఏరే పనేగా?" అని టీవీ వైపు తిరిగాడు.

కుర్చీ మాట అన్న రోజు సాయంత్రమే వాషింగ్ మెషిన్ నేలంతా నీళ్లు చేసింది. బాగుచేసే అతను గ్యారంటీ నంబరు అడిగాడు. ఆ నంబరును ఎప్పుడో స్క్రీన్‌షాట్ తీసిపెట్టానని, ఎక్కడుందో తెలియదని భర్త అన్నాడు. ఫోను నిండా వందల బొమ్మలు. ఇంట్లో ఏ వస్తువైనా పోగొట్టడం అతని వంతు, వెతకడం ఆమె వంతు. స్క్రీన్‌షాట్లన్నీ ఒక్కసారిగా ఇంటి కంప్యూటర్లోకి తోసేసి, నీ ప్రోగ్రాముకివ్వు, నంబరు ఏరి పెడుతుందిగా అని వెళ్లి కూర్చున్నాడు. అది అడిగింది మాత్రమే ఏరుతుందని అతని నమ్మకం. ఎదుటపడ్డ ప్రతి అక్షరాన్నీ చదివేస్తుందని ఆమె చూపించిన రోజే చెప్పబోయింది. అతనే వినలేదు.

ఆమె లైను టైపు చేసింది. తెర మీద మాటలు దొర్లసాగాయి. బస్సు టికెట్లు, పాచి జోకులు, ఎవరివో చిరునామాలు. వాటి మధ్యలో, "అక్కా, భయంగా ఉంది. చెయ్యగలనంటావా?"

ఆ బొమ్మ తెరిచి చూస్తే అది తన ఫోను తెరే. తను స్నానానికి వెళ్లినప్పుడో, పిల్లను నిద్రపుచ్చుతున్నప్పుడో అతను తీసి తన ఫోనుకు పంపుకున్నాడు. మొగుడూ పెళ్లాల మధ్య తాళాలేమిటని ఆమె ఫోను తాళం తీయించింది కూడా అతనే. అత్తగారి జాలి ఎక్కడ పుట్టిందో ఇప్పుడు తెలిసింది. కింద ఇంకో బొమ్మలోని మాటలు వచ్చాయి. అవి ఆమె ఎన్నడూ చూడనివి.

"భయమున్నవాళ్లే ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తారే, పిచ్చిదానా. ఒప్పేసుకో. పాపని చూసుకోవడానికి నేనొచ్చి ఉంటాను. ఎప్పుడు రమ్మంటావో చెప్పు."

ఫోను తీసి చూసింది. తన ప్రశ్న ఉంది. దాని కింద ఏమీ లేదు. అక్క జవాబును అతను బొమ్మ తీసుకుని, ఆమె ఫోనులోంచి చెరిపేశాడు. కోపం వచ్చింది. అంతకన్నా ఎక్కువగా, ఆదివారం మోగి మోగి ఆగిపోయిన అక్క ఫోను గుర్తొచ్చి సిగ్గేసింది.

"దొరికిందా?" అని గదిలోంచి వచ్చాడు భర్త.

దొరికిందని చెప్పి నంబరు చదివింది. అతను రాసుకుంటూ తలెత్తి, "ఇంకేం రాలేదుగా అందులో?" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారని వినడమేగానీ, ఎవరూ ఏమీ అనకముందే తడుముకునేవాణ్ణి చూడటం ఆమెకు ఇదే మొదలు. ఆమె తెరను అతని వైపు తిప్పి, అతను చదువుతూండగానే అక్కకు ఫోను కలిపింది. మొదటి రింగుకే ఎత్తింది అక్క.

"అక్కా, నీ జవాబు ఇప్పుడే అందింది," అంది ఆమె. "రేపు ఆఫీసులో సరేనంటున్నాను. నువ్వెప్పుడొస్తావు?"